సంక్షోభం తర్వాత ధరలు ఎటు పోతాయి?

2008లో అమెరికా ప్రభుత్వ దీర్ఘకాలిక బాండ్లు చేతిలో ఉన్నవాళ్లకు ఏడాది తిరిగేసరికి సుమారు 25 శాతం లాభం వచ్చింది. అదే ఏడాది అక్కడి షేర్లు 37 శాతం నష్టపోయాయి. 2022లో అవే బాండ్లు దాదాపు 30 శాతం ముంచాయి. షేర్లూ వాటి వెంటే పడ్డాయి. రెండింటి వెనకా పెద్ద కుదుపు ఉంది: ఒకసారి 2008 బ్యాంకుల సంక్షోభం, ఇంకోసారి 2020 కోవిడ్. రెండుసార్లూ అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) వడ్డీని సున్నా దాకా దించి, లక్షల కోట్ల డాలర్లు కొత్తగా పుట్టించింది. మొదటిసారి పదేళ్లపాటు ధరలు అదుపులోనే ఉన్నాయి. రెండోసారి రెండేళ్లు దాటగానే నలభై ఏళ్లలో లేనంతగా ఎగబాకాయి.

ఆర్థిక సంక్షోభం వచ్చిన ప్రతిసారీ రెండు వాదాలు బయల్దేరతాయి. ప్రభుత్వాలు నోట్లు అచ్చేస్తాయి, డబ్బు విలువ పోతుంది, కాబట్టి బంగారం కొనుక్కోండి అనేది ఒకటి. అప్పులు కుప్పకూలుతాయి, కొనేవాడు ఉండడు, ధరలు పడతాయి, కాబట్టి నగదు దగ్గర పెట్టుకోండి అనేది రెండోది. రెండింటికీ చరిత్రలో సాక్ష్యాలకు కొదవ లేదు. అందుకే ఈ వాదన వందేళ్లుగా తెగడం లేదు.

వందేళ్ల అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఒక సంగతి తేలుతుంది. సంక్షోభం ఎంత పెద్దదో తెలిసినంత మాత్రాన ధరల దిశ తెలియదు. దానికి నాలుగు విషయాలు చూడాలి. దేశం చేసిన అప్పు సొంత కరెన్సీలో ఉందా, పరాయి కరెన్సీలో ఉందా? ప్రభుత్వం మారకపు రేటును పట్టుకుని కూర్చుందా, వదిలేసిందా? కొత్తగా పుట్టిన డబ్బు బ్యాంకుల ఖాతాల్లో ఆగిందా, జనం చేతికి వచ్చిందా? సరుకు సరఫరా సవ్యంగా ఉందా, దెబ్బతిందా?

మొదటి దెబ్బ కిందికే

ముందు డిఫ్లేషన్ (ధరల పతనం) వాదం. దీనికి సిద్ధాంత రూపం ఇచ్చిన ఇర్వింగ్ ఫిషర్ సొంత అనుభవంతోనే నేర్చుకున్నాడు. 1929 అక్టోబర్‌లో, పతనానికి కొద్ది రోజుల ముందు, షేర్ల ధరలు శాశ్వతంగా ఎత్తులోనే ఉండిపోయే స్థాయికి చేరాయని ప్రకటించి, తన ఆస్తి మొత్తం పోగొట్టుకున్న అమెరికన్ ఆర్థికవేత్త ఆయన. 1933లో రాసిన వ్యాసంలో అప్పుకూ ధరల పతనానికీ ఉన్న లంకెను వివరించాడు. అప్పులు తీర్చడానికి అందరూ ఒకేసారి ఆస్తులు అమ్ముతారు. అమ్మేకొద్దీ ధరలు పడతాయి. ధరలు పడేకొద్దీ మిగిలిన అప్పు మరింత బరువవుతుంది. ఎంత తీర్చినా బరువు తగ్గదు.

1929 నుంచి 1933 దాకా అమెరికాలో వినియోగదారుల ధరలు సుమారు నాలుగో వంతు పడ్డాయి. దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి. చలామణీలో ఉన్న డబ్బు మూడో వంతు ఆవిరైంది. 381 పాయింట్ల దగ్గరున్న డౌ జోన్స్ సూచీ 1932 జూలైకి 41కి దిగింది. పాత ఎత్తును మళ్లీ చూసింది 1954 నవంబర్‌లో. బ్యాంకులు మునుగుతుంటే కేంద్ర బ్యాంకు చేతులు కట్టుకుని కూర్చోవడమే ఇంత అనర్థానికి మూలమని మిల్టన్ ఫ్రీడ్‌మన్, అన్నా ష్వార్జ్ 1963లో వెలువరించిన గ్రంథంలో వాదించారు. ఆ తర్వాతి కేంద్ర బ్యాంకర్లందరూ ఆ పాఠం చదువుకుని వచ్చినవాళ్లే.

ఆ మాంద్యం కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఎలా దిగిందో చూస్తే ఫిషర్ చెప్పింది కళ్లకు కడుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ధాన్యం ధర కొన్నేళ్లలోనే దాదాపు సగానికి పడిపోయింది. పైగా బర్మా బియ్యం చవకగా వచ్చిపడుతోంది. కానీ శిస్తు తగ్గలేదు, షావుకారుకు రాసిచ్చిన నోటు మీద అంకె మారలేదు. వంద బస్తాలు అమ్మితే తీరుతుందనుకుని తెచ్చిన అప్పు, ధర సగమయ్యాక రెండు వందల బస్తాలు అమ్మితే గానీ తీరదు. వడ్డీ దానికి అదనం. రైతు ఒక్క రూపాయి కొత్త అప్పు చేయకపోయినా అతని అప్పు రెట్టింపయింది.

రూపాయిని బ్రిటిష్ ప్రభుత్వం 18 పెన్నీల దగ్గర కట్టేసి ఉంచింది కాబట్టి, రూపాయి విలువ తగ్గి పంటకు రూపాయల్లో ధర పెరిగే దారి కూడా మూసుకుపోయింది. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలాక బంగారం ధర ఎగిసింది. అప్పుల్లో ఉన్న కుటుంబాలు ఇంట్లో బంగారం అమ్ముకున్నాయి, అది ఓడలకెక్కి దేశం దాటింది. రైతుల రుణభారం మీద సత్యనాథన్ నివేదిక 1935లో వచ్చింది. రాజాజీ ప్రభుత్వం 1938లో రుణ విముక్తి చట్టం చేసి బాకీలను తగ్గించాల్సి వచ్చింది. అప్పటికి ఎన్నో పొలాలు చేతులు మారిపోయాయి.

సంక్షోభపు మొదటి నెలల్లో ఇలాగే జరగడం తర్వాత కూడా చూశాం. 2008 జూలైలో పీపా 147 డాలర్లున్న ముడిచమురు డిసెంబర్‌కు 40 డాలర్ల లోపుకు దిగింది. రాబోయే అయిదేళ్లలో సగటున ధరలు తగ్గుతాయన్నట్టు ఆ శరదృతువులో అమెరికా బాండ్ మార్కెట్ లెక్కగట్టింది. ఆ సంవత్సరం మార్చిలో ఔన్సు 1,000 డాలర్లు తాకిన బంగారం కూడా అక్టోబర్ నాటికి 700 డాలర్ల స్థాయికి జారింది. అప్పులవాళ్లు తలుపు కొడుతున్నప్పుడు మనిషి అమ్మాలనుకున్నది కాదు, అమ్ముడుపోయేది అమ్ముతాడు. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఒప్పందం ధర సున్నా కన్నా కిందికి, మైనస్ 37 డాలర్లకు పోయింది. సరుకు దించుకోవడానికి చోటు లేని వ్యాపారులు ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు.

కరెన్సీ చెక్కుచెదరనంత వరకు సంక్షోభం మొదట ధరలను కిందికే లాగుతుంది. కరెన్సీయే ముందు కూలిపోతే కథ మారుతుంది.

జకార్తా ఒక దారి, హాంకాంగ్ మరో దారి

1997 జూలై 2న థాయ్‌లాండ్ తన బాత్‌ను డాలర్ నుంచి విడదీయడంతో మొదలైన ఆసియా సంక్షోభం ఈ ప్రశ్నకు దొరికిన చక్కని పరీక్ష. అదే సంక్షోభం, అదే కాలం, రెండు చోట్ల పూర్తిగా ఎదురెదురు ఫలితాలిచ్చింది.

ఇండోనేషియా కంపెనీలు డాలర్లలో విపరీతంగా అప్పు తెచ్చాయి. అప్పట్లో డాలర్ 2,400 రుపియాల దగ్గర ఉండేది. పది లక్షల డాలర్లు తెచ్చిన కంపెనీకి అది 240 కోట్ల రుపియాల బాకీ. ప్రభుత్వం మారకపు రేటును వదిలేశాక 1998లో ఒక దశలో డాలర్ 15,000 రుపియాలు దాటింది. అదే అప్పు ఇప్పుడు 1,500 కోట్లు. ఆ కంపెనీ సంపాదన మాత్రం రుపియాల్లోనే. దిగుమతి సరుకు ధర మండింది, బ్యాంకులను నిలబెట్టడానికి కేంద్ర బ్యాంకు డబ్బు కుమ్మరించింది, బియ్యం, నూనె అందుబాటులో లేకుండా పోయాయి. 1998లో ధరల పెరుగుదల సగటున 58 శాతం. మే నెలలో దేశాధ్యక్షుడు సుహార్తో గద్దె దిగాడు.

హాంకాంగ్ 1983 నుంచి డాలర్‌కు 7.80 హాంకాంగ్ డాలర్ల రేటును వదల్లేదు. ఈ తుపానులోనూ వదల్లేదు. 1997 అక్టోబర్‌లో దాని మీద స్పెక్యులేటర్లు దాడి చేసినప్పుడు ఒక్క రాత్రికి ఇచ్చే అప్పు మీద వడ్డీ రేటు 280 శాతానికి ఎగిసినా ఓర్చుకుంది. కరెన్సీ దిగకపోతే ఆ బరువు జీతాల మీదా, అద్దెల మీదా, ఇళ్ల ధరల మీదా పడాలి. పడింది. 1998 చివర మొదలైన ధరల పతనం 2004 దాకా సాగింది. ఇళ్ల ధరలు 1997 శిఖరం నుంచి 2003 నాటికి 60 శాతానికి పైగా కరిగిపోయాయి. ఇల్లు అమ్మినా గృహరుణం తీరని కుటుంబాలు లక్షకు పైగా తేలాయి.

2008 తర్వాత యూరప్‌లోనూ ఇదే జరిగింది. సొంత కరెన్సీ ఉన్న ఐస్‌లాండ్‌లో క్రోనా విలువ సగం దాకా పోయింది. 2009 జనవరిలో ధరలు ఏడాది కిందటి కన్నా 18 శాతానికి పైగా ఎక్కువ ఉన్నాయి. యూరోను వదులుకోలేని ఐర్లండ్‌లో అదే ఏడాది ధరలు 4.5 శాతం తగ్గాయి. రెండు దేశాల్లోనూ జబ్బు ఒకటే, బ్యాంకులు తాహతుకు మించి అప్పులివ్వడం.

అర్జెంటీనా రెండు దారులూ ఒకదాని వెంట ఒకటి తొక్కింది. పెసోను డాలర్‌తో ఒకటికి ఒకటిగా కట్టేసి ఉంచిన కాలంలో 1999 నుంచి 2001 దాకా ధరలు మెల్లగా తగ్గాయి. 2002 జనవరిలో ఆ కట్టు తెగింది. ఆ ఏడాదే ధరలు 41 శాతం పెరిగాయి. ప్రభుత్వం అక్కడితో ఆగకుండా బ్యాంకుల్లోని డాలర్ డిపాజిట్లను డాలర్‌కు 1.40 పెసోల చొప్పున బలవంతంగా మార్చేసింది. బయట డాలర్ కొన్ని నెలల్లోనే మూడు పెసోలు దాటింది. ద్రవ్యోల్బణం వస్తుందని ముందే ఊహించి డాలర్లలో దాచుకున్నవాళ్ల ఊహ నిజమైంది, డబ్బు మాత్రం దక్కలేదు. 1933లో అమెరికా ప్రభుత్వం కూడా పౌరుల దగ్గరున్న బంగారాన్ని ఔన్సు 20.67 డాలర్లకు అప్పగించమని ఆదేశించి, మరుసటి ఏడాది ధరను 35 డాలర్లు చేసింది. మన దేశంలో 1963 నుంచి 1990 దాకా నడిచిన బంగారం నియంత్రణ చట్టాల సంగతి పెద్దవాళ్లకు తెలుసు. అంచనా ఫలించినా, అప్పటికి ప్రభుత్వం ఆట నియమాలనే మార్చేయవచ్చు.

నోట్లు అచ్చేస్తే ధరలు పెరగాలి కదా?

ద్రవ్యోల్బణ వాదులు మొదట చూపించేది జర్మనీని. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు డాలర్‌కు 4.2 మార్కులు. 1923 నవంబర్‌కు 4.2 లక్షల కోట్ల మార్కులు. అయితే అక్కడి పరిస్థితులు కూడా కలిపి చూడాలి. బంగారం, విదేశీ కరెన్సీ, సరుకుల రూపంలో చెల్లించాల్సిన యుద్ధ పరిహారం మెడ మీద ఉంది. 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు పరిశ్రమలకు నిలయమైన రూర్ ప్రాంతాన్ని ఆక్రమించాయి. పని ఆపేసిన కార్మికులకు ప్రభుత్వం నోట్లు అచ్చేసి జీతాలిచ్చింది. బయటివాళ్ల బాకీ, కూలిన కరెన్సీ, జనం చేతికి నేరుగా వెళ్లిన నోట్లు, ఆగిపోయిన ఉత్పత్తి. నాలుగు ప్రశ్నలకూ జవాబు ఒకే వైపు పడింది.

జపాన్‌లో జవాబులు ఎక్కువగా రెండో వైపు పడ్డాయి. టోక్యో నిక్కీ సూచీ 1989 డిసెంబర్ 29న 38,915 దగ్గర ముగిసింది. ఆ అంకెను మళ్లీ దాటడానికి 2024 ఫిబ్రవరి 22 దాకా ఆగాల్సి వచ్చింది. ప్రభుత్వ అప్పు జీడీపీకి రెట్టింపు దాటింది. కేంద్ర బ్యాంకు 1999లో వడ్డీని సున్నా చేసింది, 2001లో పెద్దయెత్తున బాండ్లు కొని డబ్బు విడుదల చేసింది. అయినా ధరలు కిందికే చూశాయి. కంపెనీలు వడ్డీ ఎంత చవకైనా కొత్త అప్పు చేయకుండా పాత బాకీలు తీర్చుకుంటూ కూర్చున్నాయని ఆర్థికవేత్త రిచర్డ్ కూ విశ్లేషించాడు. అప్పు తీసుకునేవాడు లేకపోతే బ్యాంకులో ఉన్న డబ్బు బజారులోకి రాదు. ఇంత అప్పున్న దేశం బాండ్లు ఏదో ఒక రోజు కూలకపోతాయా అని వాటి పతనం మీద పందెం కాసిన మదుపరులు తరం తర్వాత తరం దెబ్బతిన్నారు. 1990లో 8 శాతం దాకా పోయిన పదేళ్ల బాండ్ రాబడి 1998లోనే ఒక శాతం కిందికి వచ్చింది.

2008 తర్వాత అమెరికాలో ఇదే ప్రశ్న మళ్లీ లేచింది. ఫెడ్ ఆస్తుల పట్టీ 90,000 కోట్ల డాలర్ల నుంచి 2014కల్లా 4.5 లక్షల కోట్లకు చేరింది. దీనివల్ల కరెన్సీ విలువ పోతుంది, ద్రవ్యోల్బణం వస్తుంది అని హెచ్చరిస్తూ 23 మంది ఆర్థికవేత్తలు, మదుపరులు 2010 నవంబర్‌లో ఫెడ్ అధ్యక్షుడు బెన్ బెర్నాంకేకు బహిరంగ లేఖ రాశారు. వాళ్లు భయపడ్డది జరగలేదు. ఫెడ్ పుట్టించిన డబ్బులో చాలా భాగం బ్యాంకులు ఫెడ్ దగ్గరే తెరిచిన ఖాతాల్లో ఉండిపోయింది. ఆ నిల్వల మీద 2008 అక్టోబర్ నుంచి ఫెడ్ వడ్డీ కూడా ఇవ్వసాగింది. జనం ఇళ్ల అప్పులు తీర్చుకునే పనిలో ఉన్నారు. డబ్బు పుట్టింది గానీ ఖర్చు కాలేదు.

2020లో డబ్బు వెళ్లిన దారి వేరు. ప్రభుత్వం అప్పు చేసింది, ఆ బాండ్లను ఫెడ్ కొన్నది, ఆ సొమ్ము చెక్కుల రూపంలో నేరుగా పౌరుల ఖాతాల్లో పడింది. ఒక్కొక్కరికి మొదట 1,200, తర్వాత 600, ఆ తర్వాత 1,400 డాలర్లు. ఒక్క ఏడాదిలో చలామణీలోని డబ్బు సుమారు 25 శాతం పెరిగింది. మరోపక్క ఫ్యాక్టరీలు, ఓడరేవులు, చిప్‌ల సరఫరా స్తంభించాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం చమురు, గోధుమలకు మంట పెట్టింది. జూన్‌లో అమెరికా ద్రవ్యోల్బణం 9.1 శాతం తాకింది. 2010లో లేఖ రాసినవాళ్ల హెచ్చరిక నమ్మి నష్టపోయినవాళ్లు ఈసారి అలాంటి హెచ్చరికను పట్టించుకోలేదు. కిందటి సంక్షోభం నేర్పిన పాఠమే తర్వాతి సంక్షోభంలో చాలామందిని ముంచింది.

ఇప్పుడు పరీక్షలో ఉన్నది చైనా. 2021లో ఎవర్‌గ్రాండ్ సంస్థతో బయటపడ్డ రియల్ ఎస్టేట్ పతనం తర్వాత అక్కడ వినియోగదారుల ధరల పెరుగుదల రేటు 2023 జూలైలో సున్నా కిందికి దిగింది, ఫ్యాక్టరీ ధరలు 2022 అక్టోబర్ నుంచే తగ్గుతూ వచ్చాయి. పదేళ్ల ప్రభుత్వ బాండ్ రాబడి 2024 డిసెంబర్‌లో 2 శాతం కిందికి వెళ్లింది. అప్పు ఎక్కువగా సొంత కరెన్సీలోనే ఉంది, మారకపు రేటును ప్రభుత్వం గట్టిగా పట్టుకుంది, డబ్బు జనం చేతికి కాకుండా ఫ్యాక్టరీలకు వెళ్తోంది, సరుకు సరఫరా అవసరానికి మించి ఉంది. నాలుగు జవాబులూ ఇప్పటిదాకా ధరల పతనం వైపే చూపిస్తున్నాయి.

మన దగ్గర రెండూ ఒకేసారి కనిపించాయి

భారతదేశంలో 2008 కథ నడిపించిన ఇద్దరు రిజర్వ్ బ్యాంక్ గవర్నర్లూ తెలుగువాళ్లే. కడప జిల్లాకు చెందిన యాగా వేణుగోపాల్ రెడ్డి, బుడగ ఉబ్బుతున్న రోజుల్లోనే రియల్ ఎస్టేట్ అప్పుల మీద బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలని నిబంధనలు బిగించారు. ఏలూరులో పుట్టిన దువ్వూరి సుబ్బారావు 2008 సెప్టెంబర్ 5న ఆయన నుంచి బాధ్యతలు తీసుకున్నారు. పదో రోజున అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది.

అక్టోబర్ నెల ఎలా గడిచిందో చూస్తే మొదటి దెబ్బ ఎలా ఉంటుందో అర్థమవుతుంది. విదేశాల్లో డాలర్లు దొరక్క కంపెనీలు ఇక్కడి మ్యూచువల్ ఫండ్లలో దాచిన సొమ్ము వెనక్కి తీసుకున్నాయి. ఫండ్లు బ్యాంకుల దగ్గరికి పరుగెత్తాయి. బ్యాంకులు ఒకదానికొకటి ఒక్క రాత్రికి ఇచ్చుకునే అప్పు మీద వడ్డీ 20 శాతం దరిదాపులకు పోయింది. ఆర్‌బీఐ అక్టోబర్ 14న ఫండ్ల కోసమే 20,000 కోట్ల రూపాయల ప్రత్యేక సదుపాయం తెరిచింది. 2009 ఏప్రిల్ నాటికి రెపో రేటు (బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీద వడ్డీ) 9 నుంచి 4.75 శాతానికీ, సీఆర్‌ఆర్ (బ్యాంకులు ఆర్‌బీఐ దగ్గర ఉంచాల్సిన నగదు నిష్పత్తి) 9 నుంచి 5 శాతానికీ తగ్గాయి.

2009 జూన్‌లో టోకు ధరల సూచీ పెరుగుదల రేటు మూడు దశాబ్దాల తర్వాత మొదటిసారి సున్నా కన్నా కిందికి దిగింది. డిఫ్లేషన్ వచ్చేసిందని పత్రికల్లో శీర్షికలు పడ్డాయి. అదే నెలలో పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల సూచీ ప్రకారం ధరల పెరుగుదల 9 శాతం పైన ఉంది. ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు 1972 తర్వాత ఎన్నడూ లేనంత దారుణంగా విఫలమయ్యాయి. కందిపప్పు కిలో వంద రూపాయల దరికి చేరింది. చమురు, లోహాల ధర పడితే టోకు సూచీ పడుతుంది. ఇల్లు గడిపేవాడి సంచిలో పడేది పప్పూ కూరగాయలూ.

మన దగ్గర డబ్బు జనం చేతికి కూడా వెళ్లింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం 2008 ఏప్రిల్‌లో దేశమంతా విస్తరించింది. అదే ఏడాది రైతు రుణమాఫీ, ఆరో వేతన సంఘం బకాయిలు తోడయ్యాయి. 2.5 శాతం ఉంటుందన్న కేంద్రం ద్రవ్యలోటు జీడీపీలో 6 శాతానికి చేరింది. పంట తగ్గి, చేతిలో డబ్బు పెరిగితే ఏమవుతుందో అదే అయింది. 2010 మార్చి నుంచి 2011 అక్టోబర్ లోపు ఆర్‌బీఐ రెపో రేటును 13 సార్లు పెంచింది. అయినా 2013 దాకా వినియోగదారుల ధరలు ఏటా 9, 10 శాతం చొప్పున పెరుగుతూనే ఉన్నాయి. అమెరికాలో పుట్టిన సంక్షోభం అక్కడ డిఫ్లేషన్ భయాన్ని మిగిల్చి, ఇక్కడ ద్రవ్యోల్బణాన్ని మిగిల్చింది.

ఇక్కడే ఇంకో తేడా గమనించాలి. బజారు సరుకు ధరలు వేరు, ఆస్తుల ధరలు వేరు. 140 ఏళ్ల చరిత్రలో 38 దేశాల లెక్కలు చూసి బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ (బీఐఎస్) పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో సరుకు ధరల పతనం కన్నా ఆస్తుల ధరల పతనమే, అందులోనూ ఇళ్లు, స్థలాల పతనమే ఆర్థిక వ్యవస్థను ఎక్కువ దెబ్బతీసిందని తేలింది. మదుపరికి ఈ రెండూ ఒకేసారి ఎదురెదురుగా కదలవచ్చు. 2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ 2013 నవంబర్‌లోనూ 21,000 దగ్గరే ఉంది. డివిడెండ్లు పక్కన పెడితే చేతికి అదే అంకె వచ్చింది, కానీ ఆ రూపాయి కొనుగోలు శక్తి మూడో వంతుకు పైగా తరిగింది.

ఏది ఎప్పుడు నిలబడింది

ధరలు పడే కాలంలో ప్రభుత్వ దీర్ఘకాలిక బాండ్లను మించింది లేదు. వడ్డీ రేట్లు తగ్గితే పాత బాండ్ల విలువ పెరుగుతుంది. 2008 వేసవిలో 9 శాతం దాటిన మన పదేళ్ల బాండ్ రాబడి ఏడాది చివరికి 5 శాతం పైచిలుకుకు పడినప్పుడు ప్రభుత్వ బాండ్లలో మదుపు చేసే గిల్ట్ ఫండ్లు లాభాల పంట పండించాయి. 2009లో అదే రాబడి 7 శాతం దాటి పైకి తిరగడంతో, ఆ లాభం చూసి ఆలస్యంగా చేరినవాళ్లు నష్టపోయారు. ధరలు పెరిగే కాలంలో ఇవే బాండ్లు అన్నిటికన్నా ఎక్కువ ముంచుతాయి. 2021 నవంబర్ నుంచి ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ ద్వారా సామాన్యులు కూడా వీటిని నేరుగా కొనవచ్చు గానీ, ముప్ఫై ఏళ్ల బాండ్‌ను ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే అనుకోవడం ప్రమాదం. ధరల పెరుగుదలకు తగ్గట్టు రాబడి ఇచ్చే బాండ్లు అమెరికాలో 1997 నుంచీ ఉన్నాయి. మన దగ్గర 2013లో తెచ్చారు, ఆదరణ లేక అవి నిలదొక్కుకోలేదు.

బంగారం మీద తెలుగు కుటుంబాలకున్న నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 2008లో పది గ్రాములు సుమారు 12,500 రూపాయలుంటే 2012 చివరికి 30,000 దాటింది. ఆ పెరుగుదలలో కొంత భాగం డాలర్ బంగారం ధరది, మరికొంత రూపాయి పతనానిది. సంక్షోభంలో రూపాయి పడుతుంది కాబట్టి భారతీయుడికి బంగారం రెండు వైపుల నుంచీ కాపు కాస్తుంది. అయితే 2012లో కొన్నవాడు ఆ తర్వాత ఆరేళ్ల దాకా పెద్దగా కళ్లజూసింది లేదు. పైగా మొదటి దెబ్బలో బంగారం కూడా పడుతుందని 2008 చూపించింది. 2015 నవంబర్‌లో మొదలైన సార్వభౌమ బంగారు బాండ్లు ధరతో పాటు కనీసం రెండున్నర శాతం వడ్డీ కూడా ఇచ్చాయి. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్తవి రాలేదు.

స్థలం ద్రవ్యోల్బణంలో కాపాడుతుందన్నది నిజమే, అది అప్పు లేని స్థలమైతే. సంక్షోభంలో ప్లాటు ధర కాగితం మీద పడదు, కొనేవాడే కనిపించకుండా పోతాడు. డబ్బు అవసరమైన నెలలో అమ్ముడుపోని ఆస్తి, ఎంత విలువైనదైనా, ఆ నెలకు ఆస్తి కాదు. ధరలు విపరీతంగా పడినా, విపరీతంగా పెరిగినా షేర్లు నష్టపోతాయి, మధ్యస్థంగా ఉండే కాలంలోనే బాగా పెరుగుతాయి. ఎటూ తేల్చుకోలేనివాళ్ల కోసం హ్యారీ బ్రౌన్ అనే అమెరికన్ రచయిత 1980ల్లో సూచించిన పద్ధతి షేర్లు, దీర్ఘకాలిక బాండ్లు, బంగారం, నగదు తలా పాతిక శాతం పెట్టుకోవడం. మంచి కాలంలో ఇది వెనకబడుతుంది. 2022లో బాండ్లూ షేర్లూ కలిసి పడ్డప్పుడు ఇదీ నష్టపోయింది. కానీ ఏ ఒక్క అంచనా తప్పినా కుటుంబం రోడ్డున పడదు.

అన్నిటికన్నా తక్కువగా చర్చకు వచ్చేది, అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపేది సొంత అప్పు. ద్రవ్యోల్బణం అప్పులున్నవాడికి మేలు చేస్తుందని పుస్తకాలు చెబుతాయి. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లలో 2020, 2021ల్లో ముప్ఫై ఏళ్ల గృహరుణాన్ని 3 శాతం లోపు స్థిర వడ్డీకి తీసుకున్నవాళ్ల విషయంలో ఇది అక్షరాలా నిజమైంది. ధరలూ జీతాలూ పెరిగాయి, కిస్తు మాత్రం కదల్లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అదే సమయంలో 50 లక్షలు 6.75 శాతం మారే వడ్డీకి ఇరవై ఏళ్లకు తీసుకున్నవాడి లెక్క చూడండి. నెలకు ఈఎంఐ సుమారు 38,000. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. అది పూర్తిగా రుణం మీదికి వస్తే వడ్డీ 9.25 శాతం. అప్పు కొత్తదై అసలు పెద్దగా తగ్గనివాడికి ఒక్క నెల వడ్డీయే 38,000 దాటుతుంది. ఈఎంఐ పెంచకపోతే అసలు తీరడం మాట అటుంచి, పెరుగుతుంది. మారే వడ్డీ మీద అప్పున్నవాడికి ద్రవ్యోల్బణం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇక నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన ప్రైవేటు అప్పు, ఆదాయం పడిపోయే కాలంలో ఏం చేస్తుందో డెల్టా రైతుల కథ ముందే చెప్పింది.

ఈ సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే మదుపు వరుస ఇలా తేలుతుంది. సంక్షోభం రాకముందే కొన్ని నెలల ఖర్చుకు సరిపడా నగదు, మెడ మీద కత్తిలా వేలాడే అప్పు లేకుండా ఉండడం మొదటి మెట్టు. మొదటి కుదుపులో దాదాపు అన్నీ పడతాయి కాబట్టి అప్పుడు అమ్మాల్సిన అవసరం రాకపోవడమే పెద్ద లాభం. ఆ తర్వాత పత్రికల శీర్షికలను వదిలేసి ఆ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. కరెన్సీ పడుతుంటే, డబ్బు జనం చేతికి వెళ్తుంటే, పంటలో సరుకులో కొరత ఉంటే బంగారం, మంచి వ్యాపారాల షేర్ల వాటా పెంచుకోవచ్చు. అప్పులు సొంత కరెన్సీలో ఉండి, డబ్బు బ్యాంకుల దగ్గరే ఆగిపోయి, గోడౌన్లు నిండి ఉంటే ప్రభుత్వ బాండ్లకు మొగ్గవచ్చు. భారతదేశం ఆహారం మీద ఎక్కువ ఖర్చు పెట్టే, చమురు దిగుమతి చేసుకునే దేశం. ఇక్కడ మొగ్గు ఎక్కువసార్లు ద్రవ్యోల్బణం వైపే ఉంటుంది. అమెరికా పుస్తకాల్లోని డిఫ్లేషన్ భయాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోనక్కర్లేదు. ఆ మొగ్గును నమ్మి ఉన్నదంతా ఒకే చోట పెట్టనూ కూడదు.

ఎందుకంటే మునిగినవాళ్లలో చాలామంది ధరల దిశను తప్పుగా ఊహించి మునగలేదు. 1930ల్లో డెల్టా రైతుకు రాబడి ధాన్యంలో, అప్పు రూపాయల్లో. 1998లో జకార్తా కంపెనీకి రాబడి రుపియాల్లో, అప్పు డాలర్లలో. 2003లో హాంకాంగ్ గృహస్థుకు జీతం తగ్గుతూ, ఇంటి అప్పు మాత్రం తగ్గకుండా. రెండు చోట్ల ధరలు పడ్డాయి, ఒకచోట పెరిగాయి. మూడు చోట్లా తీరని నష్టం చేసింది రాబడికీ అప్పుకూ పొంతన లేకపోవడమే. రాబోయే సంక్షోభం ఏ వైపు తిరుగుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఈ పొంతన సంగతి మాత్రం ఎవరి లెక్కల పుస్తకం తిరగేసినా ఈరోజే తెలుస్తుంది.